ఆడిటరు వృత్తి: పట్టా, పనితనము

ఉగాది సమావేశములలోను, పెండ్లిపందిళ్లలోను, రంగస్వామి గుడి వీధి మలుపులోను మమ్ము నిలిపి మనవారు అడుగు ప్రశ్న యొకటి కలదు. "మా పిల్లవాడు బి.కాం. ముగించినాడు. సి.ఎ. పరీక్షలకు కూర్చుండవలెనా? ఆ పట్టా లేనిదే ఆడిటరు పనిలో కాలుపెట్టలేడా? పట్టా వచ్చినంతమాత్రమున పని వచ్చునా?" అని. మేము ఆడిటర్లము కాము. ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు చాలించి, 1978 మొదలు 2018 వరకు బళేపేటకు దాపుననున్న ఒక ఆడిటరుగారి కార్యాలయమున గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవారము. అయినను ఈ ప్రశ్న మమ్మే అడుగుటకు కారణమున్నది. పట్టాగలవారిని అడిగిన పట్టాయే సర్వస్వమందురు. అంగడివారిని అడిగిన అనుభవమే సర్వస్వమందురు. ఈ ఇరువురి నడుమ కూర్చుండి నలువదేండ్లు కాగితములు కట్టినవారము మేము. కావున ఈ సంచికలో, ఆ వృత్తి చరిత్రను కొంత చెప్పి, పిదప మాకు తోచిన సమాధానమును విన్నవించుకొందుము.

బళేపేట యనగా గాజులపేట. కన్నడమున 'బళె' యనగా గాజు. 1537 ప్రాంతమున విజయనగర సామంతుడైన కెంపేగౌడ కట్టించిన బెంగుళూరు కోట వెలుపలి పేటలలో, బియ్యమునకు అక్కిపేట, ప్రత్తికి అరళేపేట, ధాన్యమునకు తరగుపేట యున్నట్లే గాజులకు బళేపేట యేర్పడినది. నేడచట గాజులకంటె పట్టుచీరలును, వీణలు మృదంగములు అమ్ము అంగళ్లును ఎక్కువగా కన్పట్టును. ఈ పేటలలో బలిజలు, ఆర్యవైశ్యులు, దేవాంగులు, పద్మశాలీలు మొదలగు తెలుగు కుటుంబములవారు తరతరములుగా నిలిచి వ్యాపారము చేసికొనుచున్నారు. వీధిలో కన్నడము, ఇంటిలో తెలుగు, లెక్కలలో ఎవరికి తోచిన భాష. మా తండ్రిగారు ఒక గాజుల అంగడిలో గుమాస్తా. ఆయన చిట్టాను తెలుగున వ్రాసెడివారు. రాత్రి అంగడి మూయుటకు ముందు ఆనాటి పద్దులను ఒక్కొక్కటిగా బిగ్గరగా చదువుటయు, సెట్టిగారు కన్నులు మూసికొని వినుటయు మేము చిన్ననాట చూచినదే. ఎక్కడనో ఒకచోట సెట్టిగారు కన్ను తెరచి, "ఏమప్పా, ఆ పద్దు మళ్లీ చెప్పు" అనెడివారు. తప్పు అచ్చటనే దొరకెడిది.

చాలకాలమునకు పిమ్మట, కార్యాలయములో మా ఆడిటరుగారు చెప్పగా వింటిమి: 'ఆడిట్' అను మాట లాటిన్ భాషలో 'వినుట' అను అర్థముగల ధాతువునుండి పుట్టినదట. పూర్వము యూరపులో లెక్కలను చదివించి, పెద్దలు విని తప్పొప్పులు నిర్ణయించెడివారు. మన సెట్టిగారు చేసినదియు అదియే. వినువాడే ఆడిటరు. కాని సెట్టిగారు విన్నది తన సొమ్ము లెక్క. పరుల సొమ్మునకు సంబంధించిన లెక్కను, పరుల పక్షమున విని, నిజమని చెప్పువాడు ఎవ్వడు? అతనిని నమ్ముట ఎట్లు? పట్టా యను దాని చరిత్ర యంతయు ఈ ప్రశ్ననుండియే పుట్టినది.

మన దేశమున లెక్కల తనిఖీ కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున లెక్కల కచేరికి ప్రత్యేకముగా ఒక ప్రకరణమున్నది. ఆషాఢమాసమున అధికారులు తమ లెక్కలను తెచ్చి ఒప్పగింపవలెనని అందు విధింపబడినది. రాజధనమును అపహరించుటకు గల ఉపాయములు నలువదియని యెంచి, ఒక్కొక్కదానిని పేరుపేరున చెప్పిన శాస్త్రమది. తెలుగుదేశపు గ్రామములలో ఈ భారము కరణముమీద నుండెను. భూమి విస్తీర్ణము, శిస్తు, బాకీ, వసూలు, అన్నియు ఆయన కవిలెలలోనివే. కరణమునకు పరీక్ష లేదు, పట్టా లేదు. తండ్రిప్రక్కన కూర్చుండి నేర్చుకొనుటయే విద్య. వంశమే అర్హత. ఏటేట జమాబందినాడు పైయధికారి వచ్చి లెక్కచూచుటయే తనిఖీ. కరణములలో నిపుణులు, ధర్మాత్ములు ఎందరో యుండిరి. కాని అట్లు కానివారిని రైతు ఏమి చేయగలడు? లెక్క తెలిసినవాడు ఒక్కడే, ఆ ఒక్కడును వంశము వలన వచ్చినవాడే యైనపుడు, మంచిచెడ్డలు అతని మనస్సునుబట్టి యుండును. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వంశపారంపర్యపు కరణీకమును రద్దుచేసినది. ఇందువలన మనము గ్రహింపవలసినది, అనుభవము ఎంత గొప్పదైనను, దానిని వెలుపలివారు పరీక్షించు మార్గము లేనిచో లోకమునకు నమ్మకము చాలదనుట.

పాశ్చాత్య దేశములలో ఈ నమ్మకపు ప్రశ్న కంపెనీలతో వచ్చినది. వేయిమంది వాటాదారుల సొమ్మును పదిమంది డైరెక్టర్లు వాడుకొనుచుండగా, ఆ వేయిమంది పక్షమున లెక్కచూచు వాడొకడు కావలసివచ్చెను. 1854లో స్కాట్లండులోని ఎడింబరో నగరపు అకౌంటెంట్ల సంఘమునకు రాజశాసనము, అనగా చార్టరు, లభించెను. చార్టర్డ్ అకౌంటెంటు అను పేరు అచ్చటిది. ఇంగ్లండులో 1880లో అట్టి సంస్థ వెలసెను. అచ్చట ఈ విద్య నేర్వగోరు పిల్లవాడు ఒక అకౌంటెంటునొద్ద కొన్ని సంవత్సరములు శిష్యరికము చేయుదునని ఒడంబడిక వ్రాసికొనెడివాడు. ఆ శిష్యుని 'ఆర్టికిల్డ్ క్లార్కు' అనిరి. పెక్కుచోట్ల తండ్రులే గురువునకు పెద్ద మొత్తము ముందుగా చెల్లింపవలసి యుండెను. కాబట్టి పట్టా యనునది మొదటినుండియు రెండు భాగములు గలది: ఒకటి పరీక్ష, రెండవది శిష్యరికము. ఈ రెండవభాగమును మనవారు తరచుగా మరచిపోవుదురు.

భారతదేశమున 1866 నాటి కంపెనీల చట్టము లెక్కలకును తనిఖీకిని నియమముల నేర్పరచినది గాని, తనిఖీ చేయువానికి ఏ చదువుండవలెనో చెప్పలేదు. ఆ లోటు 1913 నాటి చట్టముతో కొంత తీరినది. అప్పటినుండి ప్రభుత్వమిచ్చు సర్టిఫికెట్టు లేనివాడు కంపెనీ ఆడిటరుగా నుండరాదు. ఆ సర్టిఫికెట్లు రెండు విధములు. మొదటిది నిర్బంధము లేనిది. అది యున్నవాడు బ్రిటిషిండియా యంతట తనిఖీ చేయవచ్చును. రెండవది నిర్బంధముగలది. అది యున్నవాడు తన రాష్ట్రములోనే, ఆ సర్టిఫికెట్టులో పేర్కొన్న భాషలలోనే తనిఖీ చేయవలెను. ఈ సంగతి చదివినపుడు మాకు మా తండ్రిగారి తెలుగు చిట్టా జ్ఞప్తికి వచ్చినది. ఆ భాష చదువలేనివాడు ఆ లెక్కను తనిఖీ చేయజాలడను సత్యమును ఆనాటి చట్టమే గుర్తించినది. నేడు కంప్యూటరులో ఆంగ్లమున లెక్కలు వ్రాయుచున్నారు. ఐనను సరకుల అసలు కొలతలు, బేరముల అసలు మాటలు అంగడి భాషలోనే యున్నవి.

1918లో బొంబాయిలో గవర్నమెంటు డిప్లొమా ఇన్ అకౌంటెన్సీ యను పరీక్ష యేర్పడెను. దానితోపాటు మూడు సంవత్సరముల శిష్యరికము. 1930లో భారతప్రభుత్వము అకౌంటెంట్ల రిజిష్టరొకటి నిర్వహింప నిశ్చయించెను. 1932లో ఆడిటర్స్ సర్టిఫికెట్స్ నిబంధనలు వచ్చినవి. అప్పటినుండి రాష్ట్రములకు బదులు కేంద్రప్రభుత్వమే పట్టాలిచ్చుచు, పట్టా పొందినవారిని రిజిష్టర్డ్ అకౌంటెంట్లనిరి. మన తెలుగువారి బ్యాంకులు పెరిగిన కాలము కూడ ఇదియే. 1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్నమున ఆంధ్రాబ్యాంకును స్థాపించిరి. ఆయన వైద్యులు, లెక్కల పట్టా గలవారు కారు. బ్యాంకును స్థాపించుటకు పట్టా అక్కరలేకపోయెను గాని, కంపెనీ చట్టముక్రింద నడచు బ్యాంకు లెక్కలను నిజమని వ్రాసి సంతకము చేయుటకు పట్టా కావలసివచ్చెను. ఈ భేదమును గ్రహించినవానికి సగము సమాధానము దొరకినట్లే.

పట్టా చేతనున్నను వృత్తి ప్రారంభించుట యెంత కష్టమో తెలిసికొనుటకు మదరాసులోని ఆర్. శివభోగంగారి చరిత్రను మించినది లేదు. 1907లో జన్మించిన ఆమె స్వదేశీ ఉద్యమమున పాల్గొని ఒక సంవత్సరము కారాగారమున నుండెను. విడుదలయైన పిమ్మట అకౌంటెన్సీ చదివి, 1933లో డిప్లొమా పరీక్షలో ఉత్తీర్ణురాలై, భారతదేశమున మొదటి మహిళా అకౌంటెంటుగా పేరొందెను. కాని జైలుకు పోయినవారు అకౌంటెంట్లుగా నమోదు కారాదను నిబంధన అడ్డమువచ్చెను. పరీక్ష నెగ్గినది, శిష్యరికము చేసినది, ఐనను సంతకము చేయుటకు వీలులేదు. ఆమె న్యాయస్థానమున కెక్కి గెలిచెను. 1937లో స్వతంత్రముగా వృత్తి నారంభించెను. 1955 నుండి 1958 వరకు చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థయొక్క దక్షిణభారత ప్రాంతీయ సభకు అధ్యక్షురాలుగా నుండి, 1966లో గతించెను. ఆనాడు ఈ వృత్తిలోనికి వచ్చుటకే స్త్రీలు జంకుచుండగా ఆమె చేసినది సామాన్యమైన పని కాదు. మన యిండ్లలోని ఆడుపిల్లలకు ఈ పేరు తెలిసియుండవలెను.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1949లో చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టము వెలువడి, ఆ సంవత్సరము జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. సంస్థకు మొదటి అధ్యక్షులు జి.పి. కపాడియాగారు. నాటి సభ్యులు సుమారు 1,700 మంది. నేడు నాలుగు లక్షలకు పైబడినారు. 1956 నాటి కంపెనీల చట్టము, పిదప దాని స్థానమున వచ్చిన 2013 నాటి చట్టము, రెండును కంపెనీకి శాసనసమ్మతమైన ఆడిటరు చార్టర్డ్ అకౌంటెంటే యై యుండవలెనని విధించినవి. ఇచ్చట వాదమునకు చోటులేదు. కంపెనీ ఆడిటు వృత్తిగా చేయగోరువానికి ఈ పట్టా సహాయకారి యనుట సరికాదు. అదియే ద్వారము. వేరొక ద్వారము లేదు.

చిన్నయంగళ్లవారికి ఈ ద్వారముతో పనిలేదని చాలకాలము అనుకొనిరి. కంపెనీలు కానివానికి తప్పనిసరి తనిఖీ లేకుండెను. అమ్మకపు పన్ను ప్రాక్టీషనరొకరు, పాతగుమాస్తా యొకరు ఉన్న చాలును. 1984 ఫైనాన్సు చట్టముతో ఈ స్థితి మారినది. అమ్మకములు 40 లక్షల రూపాయలు మించిన వ్యాపారి తన లెక్కలను చార్టర్డ్ అకౌంటెంటుచే తనిఖీ చేయించి నివేదిక తీసికొనవలెనను విధి ఆదాయపు పన్ను చట్టమున చేరినది. ఆ మొత్తము తరువాత పలుమార్లు పెరిగినది గాని, ఆ మొదటి సంవత్సరమును మేము మరువజాలము. చిక్కపేట, బళేపేటల వ్యాపారులు ఎర్రగుడ్డ అట్టల చిట్టాలను సంచులలో కట్టుకొని మా మెట్లెక్కిరి. ఆ వెంటనే మరియొక మార్పు. అంతవరకు దీపావళికి కొత్తపుస్తకము తెరచువారు దీపావళి సంవత్సరమే లెక్కకు చూపుకొనుచుండిరి. 1989-90 అసెస్‌మెంటు సంవత్సరమునుండి అందరికిని మార్చి 31నే లెక్క ముగియవలెనని నిర్ణయమైనది. దీపావళినాడు పుస్తకమునకు పూజచేయుట నేటికిని ఉన్నది. కాని లెక్క మాత్రము ఏప్రిలుదే.

ఆ సంవత్సరములలోనే మాకు మా స్థితి తెలిసివచ్చినది. తెలుగు, కన్నడ చిట్టాలు చదువగలవారము మేము. ఏ సెట్టిగారి బాకీ ఏ ఖాతాలో దాగియున్నదో ఎరిగినవారము. సర్కారు వాణిజ్య పరీక్షలలో బుక్ కీపింగు, టైపు నెగ్గినవారము. రాత్రి పదిగంటలవరకు కూర్చుండి నివేదికలు తయారుచేసితిమి. తెల్లవారి ఆడిటరుగారు వచ్చి, మేము చూపిన చోట్ల ప్రశ్నించి, పచ్చసిరాతో సంతకము చేసెడివారు. నలువదేండ్లలో మా చేతివ్రాత వేయి నివేదికలక్రింద నున్నది. మా సంతకము ఒక్కదానిక్రిందను లేదు. ఇది ఎవరిమీదను నేరము మోపుట కాదు. మా యజమాని మమ్ము ఆదరించినవారే. పందొమ్మిదవయేట ఇంటికి జీతము కావలసివచ్చినది, చదువు నిలిచినది, అంతే. పట్టా అక్కరలేదు, అనుభవము చాలునని పిల్లలకు చెప్పువారిని చూచినపుడు ఈ మాట చెప్పక తప్పదనిపించును. అనుభవము మాకు కూడు పెట్టినది, హక్కు నీయలేదు.

అట్లని పట్టాయే చాలునా? ఇందుకు ఒక చిన్నవృత్తాంతము చెప్పుదుము. ఒక మార్చి 31న గాజుల అంగడిలో సరకు లెక్కించుటకు పోయితిమి. వెంట వచ్చిన శిష్యుడు పరీక్షలలో మంచి మార్కులు తెచ్చుకొన్న చురుకైన పిల్లవాడు. ఫిరోజాబాదునుండి వచ్చిన గాజు గాజుల పెట్టెలు గోడపొడవున పేర్చియున్నవి. అతడు పెట్టెలు లెక్కించి, బిల్లు ధరతో హెచ్చవేసి, అరగంటలో మొత్తము తేల్చెను. అంగడిలోని వృద్ధ గుమాస్తా నవ్వి, ఒక పెట్టె తీసి చెవియొద్ద మెల్లగా కదిపెను. "ఇందులో డజనుకు మూడు పోయినవి" అనెను. విప్పి చూడగా అంతకంటె ఒకటి ఎక్కువే పగిలియుండెను. మరియొక వరుస చూపి, "ఇవన్నియు 2-2 కొలత, చిన్నచేతులవారికి తప్ప పట్టవు, మూడేండ్లుగా కదలలేదు" అనెను. వినుటయే ఆడిటు అను మాట ఆనాడు మాకు మరల బోధపడినది.

కాని కథ అంతటితో ముగియలేదు. ఆ పిల్లవాడు సిగ్గుపడి ఊరకుండక, "కొన్నధర, అమ్మిన రాగలధర, ఈ రెంటిలో ఏది తక్కువో ఆ ధరకే సరకు కట్టవలెనని పుస్తకమున చదివితిని. అది ఇదియేనా?" అని అడిగెను. అదియే. మాకు పగిలిన గాజులు తెలియును గాని, వానిని ఏ సూత్రముమీద తగ్గించి వ్రాయవలెనో, ఆదాయపు పన్ను అధికారి అడిగిన ఏమని సమాధానము చెప్పవలెనో అంతవరకు స్పష్టముగా తెలియదు. వృద్ధునికి చెవి యున్నది, సూత్రము లేదు. పిల్లవానికి సూత్రమున్నది, చెవి లేదు. ఇద్దరును ఒక పూట ఒకచోట కూర్చుండిన తరువాతనే లెక్క సరియైనది. ఆర్టికిల్షిప్పు అను శిష్యరికము ఉన్నది ఇందుకే. 2023లో వచ్చిన కొత్త విధానమున దానిని మూడేండ్లనుండి రెండేండ్లకు తగ్గించినారు. కాలము తగ్గినకొలది ఆ కాలమును వాడుకొను జాగ్రత్త పెరుగవలెను. పరీక్షకు చదువుకొనుటకై శిష్యరికమును కాగితముమీద మాత్రమే నడపు పిల్లలను మేము చూచితిమి. వారు తమను తామే మోసగించుకొనుచున్నారు.

సూత్రమును, చెవిని మించిన మరియొకటి కూడ కలదు. 2009 జనవరి 7న హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు రామలింగరాజు, తమ లెక్కలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని లేఖ వ్రాసెను. తెలుగువారు ప్రపంచమునకు గర్వముగా చూపుకొన్న కంపెనీ అది. దాని లెక్కలపై సంతకము చేసినవారు పేరుపొందిన సంస్థలోని చార్టర్డ్ అకౌంటెంట్లు. బ్యాంకు నిల్వను బ్యాంకునుండియే నేరుగా వ్రాయించుకొని సరిచూడవలెననుట శిష్యరికములో మొదటి నెలలో నేర్పు పాఠము. 2015 ఏప్రిలులో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము పదిమందిని దోషులుగా నిర్ణయించెను. వారిలో ఇద్దరు ఆడిటర్లు. అప్పీలుపై శిక్ష అమలు నిలిపివేయబడినది. ఈ ఘటన జరిగిన పిమ్మట 2013 నాటి కంపెనీల చట్టమున ఆడిటర్ల బాధ్యతలు కఠినతరమైనవి. 2018లో పెద్దకంపెనీల ఆడిటర్లపై విచారణకు జాతీయస్థాయి సంస్థ వేరుగా ఏర్పడినది. పట్టా ఉన్నవారి విషయమై ఇంత జరిగినపుడు, పట్టా యొక్కటే మనలను కాపాడుననుట ఎట్లు?

ఇక, సి.ఎ. కాక ఇతర పట్టాల సంగతి. ఈ కాలమున పిల్లలు పలుపేర్లు చెప్పుచున్నారు. వానిని ద్వారములుగా భావించిన తేలికగా బోధపడును. కాస్ట్ అకౌంటెంట్లకు 1959లోను, కంపెనీ సెక్రటరీలకు 1980లోను ప్రత్యేక చట్టములు వచ్చినవి. కాస్ట్ ఆడిటు మొదటివారిది. సెక్రటేరియల్ ఆడిటు రెండవవారిది. కంపెనీలోపలి తనిఖీ, అనగా ఇంటర్నల్ ఆడిటు, చార్టర్డ్ అకౌంటెంటుగాని, కాస్ట్ అకౌంటెంటుగాని, డైరెక్టర్లు తగునని యెంచిన ఇతర నిపుణుడుగాని చేయవచ్చును. కంప్యూటరు వ్యవస్థల తనిఖీకి సి.ఐ.ఎస్.ఎ., లోపలి తనిఖీకి సి.ఐ.ఎ. యను అంతర్జాతీయ పరీక్షలున్నవి. బెంగుళూరులోని విదేశీకంపెనీల కార్యాలయములలో వానికి గౌరవము కలదు. పెట్టుబడుల విశ్లేషణకు సంబంధించిన సి.ఎఫ్.ఎ. మంచి చదువే గాని, అది తనిఖీకొరకు ఏర్పడినది కాదు. విదేశపు అకౌంటెన్సీ పట్టా ఆ దేశపు కంపెనీలలో పనికివచ్చును. ఇచ్చటి కంపెనీ లెక్కలక్రింద సంతకము చేయు హక్కు నీయదు. పట్టా పేరు పెద్దదా యని కాక, అది ఏ తలుపు తెరచునని ముందుగా అడుగవలెను.

సర్కారు లెక్కల తనిఖీ దారి వేరు. అచ్చట డిగ్రీతో స్టాఫ్ సెలెక్షన్ పరీక్షద్వారా ప్రవేశించి, పిదప శాఖలోపలి పరీక్షలు నెగ్గి పైకి పోవలెను. ఆ శాఖకు శిఖరమైన కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ పదవికి రాజ్యాంగము ఏ లెక్కల పట్టాను విధింపలేదు. స్వతంత్రభారతమున ఆ పదవి మొదట నిర్వహించినవారు వి. నరహరిరావుగారు, 1948 నుండి 1954 వరకు. 2024 నవంబరులో ఆ పదవి స్వీకరించిన కె. సంజయ్ మూర్తిగారు మన కోనసీమ అమలాపురమువారు, ఐ.ఎ.ఎస్. అధికారిగా ఎదిగినవారు. ఆ పదవికి రాజ్యాంగము విధించినది స్వాతంత్ర్యము. ప్రభుత్వము సులభముగా తొలగింపజాలని రక్షణను ఆ పదవికి కల్పించినది. లెక్క తెలిసినవారిని క్రింద పెట్టుకొనవచ్చును గాని, జంకని మనస్సు పైన నుండవలెనని పెద్దలు భావించిరి కాబోలు.

కావున మమ్ము అడిగినవారికి మేము చెప్పు సమాధానమిది. పట్టా కావలెను. అది లేనివానికి మా గతియే పట్టును. ఎంత తెలిసినను కాగితము మరియొకని ముందు పెట్టి నిలువవలెను. పేపరుకు నూటికి 40, మొత్తముమీద 50 మార్కులు రావలెను. ఒకటిరెండు మారులు తప్పినంతమాత్రమున పిల్లవానిని చులకన చేయరాదు. మా కార్యాలయమున నాలుగవ, అయిదవ ప్రయత్నమున నెగ్గి చక్కగా స్థిరపడినవారున్నారు. కాని పట్టా వచ్చుటతో చదువు ముగిసినదనుకొనరాదు. అంగడిలో ముసలిగుమాస్తా ప్రక్కన కూర్చుండుటకు సిగ్గుపడరాదు. మరియు, ఒకనాడు 'కాదు' అనవలసివచ్చును. ఆ మాట అనుట ఏ పరీక్షలోను లేదు. దానిని ఇంటినుండియే తెచ్చుకొనవలెను.

ఈ చివరిమాటకు మేము కన్నులార చూచిన ఒక సంగతితో ముగింతుము. బళేపేటలో గాజుల వ్యాపారముచేయు మన తెలుగు గృహస్థు కుమార్తె యొకతె మా కార్యాలయముననే శిష్యరికము చేసి, మూడవ ప్రయత్నమున సి.ఎ. నెగ్గినది. తండ్రి వీధియంతకు మిఠాయి పంచెను. 2016లో లెక్కల కాలము వచ్చినది. ఆయన పుస్తకములన్నియు బల్లమీద పెట్టి, "ఇంక మన లెక్కకు మన అమ్మాయే సంతకము చేయును" అని పదిమంది ఎదుట అనెను. ఆ పిల్ల నిలుచుండి, "నేను చేయరాదు నాన్నా" అనెను. 2015లో ఆదాయపు పన్ను చట్టమునకు వచ్చిన సవరణప్రకారము వ్యాపారి బంధువు ఆ వ్యాపారి లెక్కలను తనిఖీ చేయరాదు. కాని ఆమె చట్టము చెప్పి ఊరకుండలేదు. "నేను చేసినచో ఎవరు నమ్ముదురు? మీ లెక్క సరిగానే యున్నదని పరులు చెప్పవలెను" అనెను. తండ్రి ముఖము చిన్నబోయెను. రెండుమూడు దినములు ఇంటిలో మాటలు తక్కువయ్యెనని విన్నాము. నాలుగవనాడు ఆయన మమ్ము పిలిపించి, "మంచి ఆడిటరునొకరిని మీరే చూడండి" అనెను.

ఆ యేడు ఆ గాజుల అంగడి పుస్తకములను సంచిలో పెట్టుకొని మరియొక ఆడిటరుగారి మెట్లెక్కినవారము మేమే. దారిలో మాకు మా తండ్రిగారు చిట్టా చదువుటయు, సెట్టిగారు కన్నులు మూసికొని వినుటయు జ్ఞప్తికి వచ్చినవి. ఆ పిల్ల పట్టా ఆ దినముననే మొదటిసారి పనిచేసినది. సంతకము చేసి కాదు, చేయక.